వంటింట్లో కంపు: ముందు మూలం పట్టుకోండి, తర్వాత కడగండి

గుడ్డు కొట్టిన గిన్నెది నీచు వాసన. అడుగంటిన అన్నానిది మాడు వాసన. రాత్రి తోమకుండా వదిలేసిన అంట్లది పాచి వాసన. ఆరని గుడ్డది, పాతబడ్డ పిండిది ముక్క వాసన. కాగి కాగి నల్లబడ్డ నూనెది కమురు వాసన. సింక్ కింద నుంచి వచ్చేది మురుగు వాసన. తెలుగులో ఒక్కో వాసనకి ఒక్కో పేరుంది, ఆ పేరులోనే అది ఎక్కడి నుంచి వస్తోందో కూడా ఉంది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఒకసారి గాలి పీల్చి, "ఎక్కడో తడిగుడ్డ ముక్కుతోంది, చూడవే" అనేది. వెతికితే గ్యాస్ బండ వెనక పడిపోయిన మసిగుడ్డ దొరికేది.

నేను ఇక్కడ చెప్పబోయేదంతా ఆ పద్ధతే. ముందు వాసనకి పేరు పెట్టండి. ఆ పేరు పట్టుకుని మూలం దగ్గరకి వెళ్లండి. అక్కడ కడగండి. రూమ్ ఫ్రెషనర్ కొడితే, అగరబత్తి వెలిగిస్తే గంటసేపు కంపూ పరిమళమూ కలిసి ఇంకో కొత్త వాసన వస్తుంది, ఆ తర్వాత మళ్లీ పాత కంపే మిగులుతుంది. రోజూ గట్టు తుడుస్తూ, నేల కడుగుతూ కూడా "వాసన పోవట్లేదే" అని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల శ్రమలో లోపం లేదు. కంపు ఉన్నచోట చెయ్యి పడట్లేదు, అంతే.

అన్నిటికన్నా ముందు గ్యాస్ వాసన

మిగతా వాసనలు రేపు చూసుకున్నా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆ క్షణంలోనే చూడాలి. వంటగ్యాస్‌కి దానంతట దానికి వాసన ఉండదు. లీకైతే మనకి తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని అందులో కలుపుతారు. కుళ్లిన క్యాబేజీ లాంటి కంపు అది. చెత్తబుట్టదేమో, సింక్‌దేమో అని పొరపడే అవకాశం ఉంది కాబట్టి ఈ వాసన ఎలా ఉంటుందో ఇంట్లో పిల్లలకి కూడా తెలిసి ఉండాలి.

ఆ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకండి. వెయ్యనూ వద్దు, ఆర్పనూ వద్దు. గ్యాస్ పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తారు చాలామంది, ఆ స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వే చాలు. దీపం, అగరబత్తి వెలుగుతుంటే ఆర్పెయ్యండి. రెగ్యులేటర్ కట్టెయ్యండి. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువైనది, నేలబారున పేరుకుంటుంది. అందుకని ఎత్తులో ఉన్న కిటికీ ఒక్కటీ తెరిస్తే సరిపోదు, తలుపు కూడా తెరవాలి. అందర్నీ తీసుకుని బయటికి వచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. అది గ్యాస్ లీకుల కోసం పెట్టిన ఎమర్జెన్సీ నంబర్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. బండ నుంచి పొయ్యికి వెళ్లే రబ్బరు ట్యూబ్ మీద ముద్రించిన తేదీ ఈరోజే ఒకసారి చూడండి. అయిదేళ్లు దాటితే మార్చెయ్యాలి. పగుళ్లు కనిపిస్తే ఆ గడువు కోసం ఆగనక్కర్లేదు.

మొదటి మెట్టు: ముక్కుతో వెతకండి

ఇంట్లోనే ఉన్నవాళ్ల ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. పావుగంట ఒక గదిలో ఉంటే ఆ గది కంపు మనకి తెలియదు. అందుకని వెతకడానికి మంచి సమయం బయటి నుంచి వచ్చిన మొదటి నిమిషం. ఆఫీసు నుంచో, కూరగాయల మార్కెట్ నుంచో రాగానే చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్లండి. ఫ్యాన్ వెయ్యకండి. ఒకసారి నిలబడి పీల్చండి, తర్వాత వంగి నేల దగ్గర పీల్చండి. నిలబడితే తెలియనిది వంగితే తెలుస్తోందంటే అది సింక్ కింద నుంచో, చెత్తబుట్ట నుంచో, ఉల్లిపాయల బుట్ట నుంచో వస్తోందని అర్థం.

ఒకసారి మా ఇంట్లో నాలుగు రోజులు ఒక కంపు పట్టి పీడించింది. చచ్చిన ఎలకేమో అనుకుని ఫ్రిజ్ జరిపాం, అలమర ఖాళీ చేశాం. చివరికి బంగాళదుంపల బుట్టలో దొరికింది. పైన దుంపలన్నీ శుభ్రంగా గట్టిగా ఉన్నాయి. అడుగున ఒక్క దుంప, తొక్క అలాగే ఉంది, వేలు పెడితే లోపలికి దిగిపోయింది. లోపలంతా తెల్లటి నీళ్ల ముద్ద. ఆ నీళ్లు బుట్ట సందుల్లోంచి కారి గచ్చు మీద జిగటగా ఎండిపోయాయి. దుంప తీసి పారేసినా రెండు రోజులు వాసన పోలేదు, ఎందుకంటే ఆ మరక మేం తుడవలేదు. అప్పటి నుంచి దుంపలు, ఉల్లిపాయలు ఒకే బుట్టలో పోయడం మానేశాం. దుంపలోని చెమ్మకి ఉల్లి మెత్తబడుతుంది. ఇప్పుడు రెండూ వేరు వేరు వెదురు బుట్టల్లో, అడుగున పేపరు వేసి. వారానికోసారి బుట్ట బోర్లించి చూస్తే చాలు.

రెండో మెట్టు: సింక్

వంటింటి కంపుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

సింక్ కింద తలుపు తెరిచి చూడండి. గొట్టం మధ్యలో చిన్న డబ్బాలాంటిది ఉంటే దాన్ని బాటిల్ ట్రాప్ అంటారు. కొన్ని ఇళ్లలో గొట్టం వంకీ తిరిగి ఉంటుంది. కొన్ని ఇళ్లలో రెండూ ఉండవు, మడతల గొట్టం ఒకటి నేరుగా నేలలో ఉన్న జాలీలోకి దిగుతుంది, ఆ జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. ఏదైనా పని ఒక్కటే. అందులో ఎప్పుడూ కొద్దిగా నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే మూతలాగా అడ్డుపడి కింద మురుగు పైపులోని గాలిని పైకి రానివ్వవు. కాబట్టి సింక్ నుంచి వాసన వచ్చిందంటే కారణం మూడింట్లో ఒకటి: ఆ నీళ్లు ఆవిరైపోయాయి, లేదా ట్రాప్‌లో మడ్డి పేరుకుంది, లేదా గొట్టం నేలలోకి దిగే చోట చుట్టూ సందు ఉంది.

సందు ఉందేమో ముందు చూడండి, ఎందుకంటే అది సులువు. మడతల గొట్టం సన్నగా ఉంటుంది, అది దిగే పైపు వెడల్పుగా ఉంటుంది. ఆ రెండిటి మధ్య ఖాళీలోంచి మురుగు గాలీ వస్తుంది, రాత్రిపూట బొద్దింకలూ వస్తాయి. హార్డ్‌వేర్ షాపులో దానికి సరిపోయే రబ్బరు మూత దొరుకుతుంది. అది దొరక్కపోతే ఎం-సీల్ కలిపి సందంతా మెత్తండి. పైపు పొడిగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది, కాబట్టి రాత్రి పని అయ్యాక తుడిచి, మెత్తి, తెల్లారేదాకా నీళ్లు పోయకండి.

మడ్డి ఉంటే బాటిల్ ట్రాప్ విప్పాలి. ప్లంబర్ అక్కర్లేదు. కింద బకెట్ పెట్టండి. చేతికి గ్లౌజు గానీ ప్లాస్టిక్ కవరు గానీ వేసుకోండి. డబ్బా కింది కప్పుని చేత్తో తిప్పితే ఊడి వస్తుంది, బిగుసుకుని ఉంటే పొడిగుడ్డ చుట్టి తిప్పండి. లోపల ఏముంటుందో ఒకసారి మీ కళ్లతో చూడాలి. బూడిదరంగు వెన్నలాంటి జిడ్డు, దాంట్లో ఇరుక్కున్న ఆవాలు, కరివేపాకు ఈనెలు, ఉబ్బిన మెతుకులు, స్టీల్ పీచు తునకలు. ఇదంతా కుళ్లుతూ ఉంటే పైన సింక్ ఎంత తోమినా ఏం లాభం? దాన్ని పేపర్లోకి దులిపి చెత్తలో వెయ్యండి. కప్పుని, గొట్టం లోపలి అంచుని పాత టూత్‌బ్రష్‌తో, అంట్ల సబ్బుతో, వేడినీళ్లతో రుద్దండి. వాషర్ ఎలా ఉందో అలాగే పెట్టి కప్పు బిగించండి. కింద పొడి పేపరు పరిచి రెండు నిమిషాలు కొళాయి వదలండి. పేపరు తడవకపోతే సరిగ్గా బిగిసినట్టే. నెలన్నరకి, రెండు నెలలకి ఒకసారి ఇలా చేస్తే చాలు.

వంటసోడా వేసి వెనిగర్ పోస్తే పైపు శుభ్రమైపోతుందని వీడియోల్లో చూపిస్తుంటారు. నురగ పొంగుతుంటే చూడటానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి పోగొట్టుకుంటాయి, చివరికి పైపులో మిగిలేవి ఇంచుమించు ఉప్పునీళ్లు. పైపులో జిడ్డుకి మందు వేడినీళ్లు, అంట్ల సబ్బు. అయితే సలసలా మరిగే నీళ్లు మాత్రం పోయకండి. పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుంది, జాయింట్లు వదులవుతాయి. అన్నం వార్చిన గంజి కూడా అంతే, పైగా గంజి చల్లారాక పైపు గోడలకి జిగురులా పట్టుకుంటుంది. గంజి మొక్కలకి పోసుకోండి, లేదా నూలు చీరలకి పెట్టుకోండి.

ఇంకోమాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బ్లీచింగ్ పౌడర్‌నీ, బాత్రూమ్ కడిగే యాసిడ్‌నీ ఎప్పుడూ ఒకేచోట పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ మూసి ఉన్న చిన్న వంటింట్లో అది ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది. వెనిగర్, నిమ్మరసం కూడా ఆమ్లాలే, బ్లీచ్‌తో వాటినీ కలపకూడదు. "ఒకదానితో పోలేదు, రెండోది కూడా పోసి చూద్దాం" అనే ఆలోచన దగ్గరే ప్రమాదం ఉంది.

రోజూ చేయాల్సింది చిన్నపనే. అంట్లు సింక్‌లో వేసే ముందు ఎంగిలి, నూనె చెత్తబుట్టలోకి దులపండి. బజ్జీలు వేయించిన నూనె మిగిలితే సింక్‌లో ఒంపకండి, పాత పేపర్లతో పీల్పించి చెత్తలో వెయ్యండి. సింక్ రంధ్రంలో స్టీల్ జాలీ పెట్టండి, రాత్రి దాన్ని తిరగేసి కొట్టి, కింది వైపు కూడా బ్రష్‌తో రుద్దండి. పాకుడు పట్టేది కింది వైపే.

నీచు: చేప, రొయ్య, గుడ్డు

సముద్రపు చేపలో వాసన లేని ఒక పదార్థం ఉంటుంది. చేప చనిపోయాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. మనం నీచు అనేది చాలావరకు దాన్నే. అది క్షారగుణం ఉన్నది, పులుపు తగిలితే అణిగిపోతుంది, గాల్లోకి లేవదు. మనవాళ్లు చేపని చింతపండు పులుసులో వండటం, ముక్కలకి నిమ్మకాయ పిండటం ఊరికే కాదు. చెరువు చేపల్లో, ముఖ్యంగా శీలావతి, బొచ్చె లాంటి వాటిలో వచ్చే మట్టి వాసనకి కూడా పులుపే విరుగుడు.

చేప వండిన రోజు చేయాల్సినవి ఇవి. ముక్కలు కడిగిన నీళ్లు పెరట్లో చెట్టు మొదట్లో పోయండి. ఫ్లాట్లో అయితే సింక్‌లో పోయక తప్పదు కాబట్టి వెంటనే పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పితో సింక్ అంతా రుద్ది, ధారాళంగా చన్నీళ్లు వదలండి. చేప తోమిన పళ్లెం, కత్తి, కత్తిపీట ముందు చన్నీళ్లతో కడగాలి. వేడినీళ్లు పోస్తే ఆ మాంసకృత్తులు ఉడికి గిన్నెకి అంటుకుపోతాయి, నీచు దాంట్లోనే ఉండిపోతుంది. గుడ్డు గిన్నెలకీ, పాల గిన్నెలకీ ఇదే సూత్రం. మొదట చన్నీళ్లు, తర్వాత శెనగపిండితోనో సబ్బుతోనో రుద్దడం, ఆఖరున వేడినీళ్లు. చేతులకి కూడా శెనగపిండి, నిమ్మచెక్క బాగా పనిచేస్తాయి.

ఒక్క జాగ్రత్త. మీ గట్టు గానీ అరలు గానీ కడప రాయివో, తాండూరు రాయివో అయితే వాటి మీద నిమ్మ, చింతపండు, వెనిగర్ రుద్దకండి. అవి సున్నపురాయి జాతివి. పులుపు తగిలిన చోట మెరుపు పోయి తెల్లమచ్చ పడుతుంది, ఇక అది పోదు. వాటికి సబ్బునీళ్లు చాలు.

చేప పొలుసు, తలకాయలు, రొయ్య పొట్టు చెత్తబుట్టలో వేస్తే సాయంత్రానికల్లా ఇల్లంతా తెలిసిపోతుంది. వాటిని రెండు మూడు మడతల పేపర్లో గట్టిగా చుట్టి, ఒక కవర్లో కట్టి ఫ్రీజర్‌లో ఒక మూల పెట్టండి. పొద్దున మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు తీసి ఇవ్వండి. చెత్తని ఫ్రీజర్‌లో పెట్టడమేమిటని మొదట మా ఇంట్లోనూ అన్నారు. ఒక ఆదివారం రొయ్యలు తెచ్చుకుని పెట్టి చూశాక ఇంకెవరూ మాట్లాడలేదు. ఎండుచేపలు, ఎండురొయ్యలు ప్లాస్టిక్ డబ్బాలో వద్దు, ప్లాస్టిక్ ఆ వాసనని పీల్చుకుంటుంది. బిగుతు మూత ఉన్న గాజు సీసాలో ఉంచండి.

చెత్తబుట్ట

చెత్త కంపు కొట్టేది ఎక్కువగా తడి వల్ల. గాలి ఆడకుండా నీళ్లలో నానిన తొక్కలు, మెతుకులు ఒక్క పూటలో కుళ్లడం మొదలుపెడతాయి. అందుకే తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యమని చెప్పేది. మున్సిపాలిటీ నియమం అనుకోకండి, ముందు లాభం మన వంటింటికే. పాల కవర్లు కడిగి ఆరేసి పొడి బుట్టలో వెయ్యండి. కడగని పాల కవరు ఒక్కటి చాలు, బుట్టంతా పులిసిన కంపు కొడుతుంది.

తడి బుట్ట చిన్నదిగా, మూతతో ఉండాలి. పెద్ద బుట్ట పెడితే "ఇంకా నిండలేదు కదా" అని మూడు రోజులు ఉంచేస్తాం. అడుగున రెండు మడతల పేపరు వెయ్యండి, ఊరిన నీళ్లని అది పీల్చుకుంటుంది. టీ పొడి, చింతపండు పిప్పి, నానిన పప్పు పొట్టు బాగా పిండి వెయ్యండి. బండి రాని రోజు పైన గుప్పెడు ఎండుటాకులో, రంపపు పొట్టో చల్లితే వాసన చాలా తగ్గుతుంది. బుట్టని కడిగాక ఎండలో బోర్లించండి. తడిబుట్టలో కొత్త కవరు వేస్తే కడిగిన లాభం పోతుంది.

మసిగుడ్డ, పీచు

వంటిల్లు తళతళలాడుతున్నా ముక్క వాసన వస్తోందంటే ముందు గుడ్డని వాసన చూడండి. గట్టు తుడిచే గుడ్డ, పొయ్యి తుడిచే గుడ్డ, చేతులు తుడుచుకునే తువ్వాలు ఇవి మూడూ వేరుగా ఉండాలి. రోజుకొకటి మార్చుకునేలా ఆరేడు ఉంచుకోండి, పాత నూలు చీరో లుంగీయో చింపితే చాలు. వారానికోసారి వాటన్నిటినీ పాత స్టీల్ గిన్నెలో వేసి, చెంచా బట్టల సోడా వేసి పది నిమిషాలు మరిగించి, ఎండలో ఆరెయ్యండి. వానాకాలంలో ఎండ దొరకదు, అప్పుడు ఇస్త్రీ పెట్టె ఆడించండి. అంట్ల పీచుని సబ్బు డబ్బాలో నీళ్లలో నానబెట్టి వదలకండి. పిండి, గాలి తగిలే చోట నిలబెట్టండి. జిగటగా తగిలినా, వాసన వచ్చినా పారెయ్యండి. పది రూపాయల పీచు దగ్గర పొదుపు వద్దు.

ఫ్రిజ్

ఫ్రిజ్‌లో కంపు వస్తే అందరూ అరలు తుడుస్తారు. మూడు చోట్లు మర్చిపోతారు. ఒకటి, తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలు. పాలు, సాంబారు, కారిన ఇడ్లీపిండి ఆ మడతల్లో ఎండి నల్లటి బూజు పడుతుంది. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లనో, గుడ్డ చుట్టిన చెంచా కాడనో సబ్బునీళ్లలో ముంచి మడతలోకి పోనిచ్చి తుడవండి. రెండు, లోపల వెనక గోడ కింద ఉండే చిన్న రంధ్రం. నీళ్లు అందులోంచి వెనక్కి పోతాయి. కొత్తిమీర ఆకు అడ్డుపడితే నీళ్లు కూరగాయల పెట్టె కింద నిలిచి మురుగుతాయి. మూడు, ఫ్రిజ్ వెనక, కింద మోటారు దగ్గర ఉండే పళ్లెం. లోపల ఒలికిన పాలు చివరికి చేరేది అక్కడికే, మోటారు వేడికి అక్కడే పులుస్తాయి. ప్లగ్ తీసి, ఫ్రిజ్ జరిపి ఆ పళ్లెం కడగండి. చాలామంది ఫ్రిజ్ కొన్న రోజు నుంచి దాన్ని చూసి ఉండరు.

అరలని లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి తుడవండి. సబ్బు వాసన పెరుగుకీ, వెన్నకీ పడుతుంది, సోడాతో ఆ ఇబ్బంది లేదు. ఆ తర్వాత చిన్న గిన్నెలో వంటసోడా గానీ నాలుగు బొగ్గు ముక్కలు గానీ ఒక మూల ఉంచండి. ఇంగువ, పనసతొనలు, కోసిన ఉల్లిపాయ మూత లేకుండా పెట్టకండి. ఇడ్లీపిండి గిన్నె సగానికి మించి నింపకండి, కింద ఒక పళ్లెం పెట్టండి. లోపల చల్లదనం 4 డిగ్రీల దగ్గర ఉండాలి. మరీ కుక్కేస్తే గాలి తిరగక ఒక మూల చల్లగా, ఒక మూల వెచ్చగా ఉండి వెచ్చటి మూల కూర పాడవుతుంది.

జిడ్డు, కమురు

తాలింపు పెట్టినప్పుడు, పూరీలు వేయించినప్పుడు నూనె కంటికి కనిపించని తుంపరగా లేచి గోడల మీద, అలమర తలుపుల మీద, ఫ్యాన్ రెక్కల మీద వాలుతుంది. రోజులు గడిచేకొద్దీ గాలి తగిలి అది గట్టిపడి పసుపురంగు బంకగా మారుతుంది. దుమ్ము దాని మీద అంటుకుంటుంది. కమురు వాసన గది వదలకపోవడానికి కారణం ఈ బంకే. అప్పుడు దాన్ని గీకాలి, అదే ఆ రోజే అయితే తుడిస్తే పోతుంది. కాబట్టి వంట అయ్యాక పొయ్యి చల్లారీ చల్లారక ముందే, గోరువెచ్చగా ఉండగానే, పొయ్యినీ దాని వెనక టైల్స్‌నీ సబ్బుగుడ్డతో ఒకసారి, మంచినీళ్ల గుడ్డతో ఒకసారి తుడవండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ తాలింపు వేశాక వేస్తే ఆలస్యమైనట్టే. మూకుడు పెట్టేటప్పుడే వేసి, వంటయ్యాక ఇంకో పది నిమిషాలు ఉంచండి. ఇంకో సంగతి, ఫ్యాన్ గాలిని బయటికి తోయాలంటే ఎక్కడి నుంచో గాలి లోపలికి రావాలి కదా. అన్ని తలుపులూ మూసి ఫ్యాన్ వేస్తే ఊరికే తిరుగుతుంది. ఫ్యాన్‌కి ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో తెరవండి, ఫ్యాన్ పక్కన కిటికీ మాత్రం మూయండి.

చిమ్నీ ఫిల్టర్లు స్టీల్‌వైతే టబ్‌లో వేడినీళ్లు పోసి, రెండు మూడు చెంచాల బట్టల సోడా, అంట్ల సబ్బు వేసి అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. అల్యూమినియం జాలీవైతే బట్టల సోడా వద్దు. క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది, నల్లబడిపోతుంది. వాటికి అంట్ల సబ్బు, వేడినీళ్లే. అడుగంటిన గిన్నెకీ ఇదే తేడా గుర్తుపెట్టుకోండి. స్టీల్ గిన్నె అయితే నీళ్లు, చెంచా వంటసోడా వేసి మరిగించండి, మాడు పొరలు పొరలుగా లేస్తుంది. అల్యూమినియం గిన్నె అయితే చింతపండు నీళ్లు మరిగించండి.

చిన్న చిన్న దాపుడు చోట్లు

మిక్సీ జార్ మూత లోపలి రబ్బరు, జార్ అడుగున బ్లేడు కింద సందు, కుక్కర్ గ్యాస్కెట్, విజిల్ లోపలి రంధ్రం. వెల్లుల్లి, మసాలా వాసనలు ఉండిపోయేది ఇక్కడే. రబ్బర్లు తీసి విడిగా కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. జార్‌లో గుప్పెడు బియ్యం, కాస్త రాళ్ల ఉప్పు వేసి తిప్పితే బ్లేడు కింద ఇరుక్కున్నది వచ్చేస్తుంది. కూరగాయలు కోసే చెక్కని ఉప్పు, నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, నిలబెట్టి ఆరబెట్టండి, పడుకోబెడితే కింది వైపు తడి ఆరదు. మాంసానికీ కూరగాయలకీ ఒకే చెక్క వాడకండి.

బొద్దింకలు ఎక్కువైతే వాటికీ ఒక రకమైన జిడ్డు కంపు ఉంటుంది, అలమర తెరవగానే తెలుస్తుంది. వంటిళ్లలో తిరిగే చిన్న గోధుమరంగు బొద్దింక ఒక్క గుడ్ల సంచిలో 30 నుంచి 40 దాకా పిల్లలు పుడతాయి, అందుకే కనిపించినదాన్ని కొడుతూ కూర్చుంటే తరగవు. అలమర కీళ్ల దగ్గర, ఫ్రిజ్ మోటారు పక్కన, సింక్ కింద జెల్ మందు ఆవగింజంత చుక్కలుగా పెట్టండి. ఆ చోట స్ప్రే కొట్టకండి, స్ప్రే వాసనకి అవి జెల్ దగ్గరికే రావు. రాత్రిపూట వాటికి మెతుకు, నీటిచుక్క దొరక్కుండా చూడటమే అసలు మందు.

రాత్రి పావుగంట, ఊరెళ్లే ముందు పది నిమిషాలు

రాత్రి భోజనాలయ్యాక నేను చేసే వరస ఇది. గిన్నెల్లో ఎంగిలి తడి బుట్టలోకి. అంట్లు తోమలేని రోజు కనీసం నీళ్లతో తొలిచి బోర్లించడం. పొయ్యి, వెనక టైల్స్, గట్టు పైనుంచి కిందికి తుడవడం. సింక్ జాలీ దులిపి, సబ్బుతో సింక్ రుద్ది, పొడిగుడ్డతో ఆర్చడం. గుడ్డలు ఉతికి బాల్కనీలో ఆరెయ్యడం. తడి బుట్ట కవరు కట్టి బయట పెట్టడం. కిటికీకి దోమతెర ఉంటే రాత్రంతా తెరిచే ఉంచుతాను. పొద్దున్నే పాలు కాచడానికి లోపలికి వెళ్తే ఏ వాసనా ఉండదు, నాకు ఆ నిమిషం చాలా ఇష్టం.

సంక్రాంతికి ఊరెళ్లి పది పన్నెండు రోజుల తర్వాత తలుపు తీస్తే ఒకసారి ఇల్లంతా మురుగు వాసన కొట్టింది. వెళ్లేముందు అన్నీ కడిగాం, చెత్త పారేశాం, ఫ్రిజ్ ఖాళీ చేశాం. ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయాయని ప్లంబర్ చెబితే గానీ మాకు తెలియలేదు. ఆయన కొళాయి తిప్పి రెండు చెంబుల నీళ్లు వదిలి, అంతే అన్నాడు. ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే దుంపలు, ఉల్లిపాయలు పక్కింటివాళ్లకి ఇచ్చెయ్యండి. ఫ్రిజ్ కట్టేసి వెళ్తుంటే తుడిచి తలుపు కాస్త తెరిచి పెట్టండి. రెగ్యులేటర్ కట్టెయ్యండి. అన్నిటికన్నా ఆఖరున, తాళం చెవి చేతిలోకి తీసుకున్నాక, సింక్‌లోనూ నేల జాలీల్లోనూ ఒక్కో చెంబు నీళ్లు పోసి, పైన ఒక చెంచా నూనె వెయ్యండి. ఆ నూనె నీళ్ల మీద పొరలా తేలి వాటిని త్వరగా ఆవిరి కానివ్వదు.